జుబియా గొంతు

జుబియా పదకొండేళ్లుగా సీరియళ్లలో నటిస్తోంది. తెర మీద ముఖం ఆమెదే, గొంతు మాత్రం ఎప్పుడూ వేరే అమ్మాయిది. షుగర్ వల్ల అమ్మ ఆమినాబీకి చూపు పోయేదాకా అదొక లోటని ఆమెకి అనిపించలేదు.

మొన్న రెండు రోజులు సెలవు దొరికి విజయవాడ వన్‌టౌన్‌లోని ఇంటికి వచ్చింది. సాయంత్రం ఆమినాబీ టీవీ పెట్టించుకుని కూర్చుంది. సీరియల్లో జుబియా ఏడుస్తోంది.

"ఇందులో నువ్వెప్పుడొస్తావే?" అంది ఆమినాబీ.

"ఆ ఏడ్చేది నేనే అమ్మీ. గొంతు వేరేవాళ్లది, ముఖం నాదే."

"ముఖం నాకేం కనపడుద్ది? నీ ఏడుపు నాకు తెలీదా?"

జుబియా వరండాలోకి వెళ్లి డైరెక్టర్‌కి ఫోన్ చేసింది. "సార్, ఒక్క ఎపిసోడ్‌కైనా నా డబ్బింగ్ నేనే చెప్పుకుంటానండి. మా అమ్మ కోసం."

"జనం ఆ గొంతుకి అలవాటుపడిపోయారమ్మా. ఛానల్ వాళ్లు ఒప్పుకోరు. నా చేతుల్లో ఏం లేదు" అన్నాడాయన.

లోపలికొచ్చి అమ్మ పక్కన కూర్చుంది. సౌండు పూర్తిగా తగ్గించి, తన డైలాగులు తనే చెప్పబోయింది. ఆ సీను తీసి నెల దాటింది. ఒక్క మాటా గుర్తు రాలేదు.

"సౌండు పెంచవే, ఆ పిల్ల ఏమంటుందో వినపడట్లేదు" అంది ఆమినాబీ.

జుబియా పెంచింది.