ఆదివారం అడుగులు

"ఆదివారం మాత్రం అదరగొట్టేసిందండీ మీ పాప! పద్నాలుగు వేల అడుగులు!" అంది టీచరు, కాగితం మా ఇద్దరి వైపూ తిప్పుతూ.

బడిలో నాలుగేళ్ళ పిల్లలందరి చేతికీ వారంపాటు అడుగులు లెక్కపెట్టే పట్టీ కట్టారు. ఎవరు ఎంత ఆడుతున్నారో, ఎంతసేపు ఫోన్ చూస్తున్నారో తెలుసుకోవాలట. ఫోన్ లెక్క మాత్రం ఏ రోజుకారోజు ఇంట్లోవాళ్ళే కాగితంలో రాయాలి. మిగతా ఆరు రోజులూ మా పాప నాలుగు వేలు దాటలేదు. ఫోన్ గడిలో ఆ ఆరు రోజులూ రెండేసి గంటలు. నేనే రాశాను, దాచకుండా.

"ఆదివారం నేను ఇంట్లో ఉంటాను కదండీ" అన్నారు మావారు, కాలి మీద కాలేసుకుని. "మిగతా రోజులు వాళ్ళమ్మ ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టేస్తుంది. చెప్తే వినదు."

టీచరు నావైపు జాలిగా చూసింది. "కాస్త తగ్గించండి మేడమ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇస్తాను, నిజమే. పొద్దున పొయ్యి మీద నూనె కాగుతుంటే పాప కాళ్ళకు అడ్డం పడకుండా ఇస్తాను. సాయంత్రం ఇంట్లోంచే ఆఫీసు వాళ్ళతో మాట్లాడుతుంటే, "ఏమిటమ్మా వెనక ఆ గోల?" అని మా మేనేజరు విసుక్కోకుండా ఇస్తాను. "ముగ్గుర్ని పెంచానమ్మా, ఇవన్నీ ఎరగను" అంటారు అత్తగారు. ఆ ముగ్గురిలో ఒకరు ఆదివారం సోఫాలోంచి లేవరు మరి!

అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆదివారం పొద్దున పాపకు స్నానం చేయిస్తూ ఆ పట్టీ విప్పి, ఎక్కడైనా పెడితే పోతుందని నా చేతికి తగిలించుకున్నాను. అంతే, మర్చిపోయాను. టిఫిను, అంట్లు, బట్టలు, డాబా మీదికీ కిందికీ తిరగడం, ఆయన స్నేహితులకు భోజనాలు, మళ్ళీ అంట్లు. సోమవారం పాప చేయి బోసిగా కనిపిస్తేగాని గుర్తు రాలేదు. లెక్క చెడగొట్టానంటారని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఆ రోజు ఫోన్ గడి ఖాళీగా వదిలేశాను. పనిలోంచి తలెత్తితే కదా, పిల్ల ఎంతసేపు చూసిందో తెలిసేది!

సొమ్మొకడిది, సోకొకడిది. అరిగినవి నా కాళ్ళు, మీసం మెలేస్తున్నది ఆయన. అక్కడితో ఆగినా ఊరుకునేదాన్నేమో.

"పాపతోపాటు నువ్వూ కాస్త ఒళ్ళు కదిలించాలోయ్" అన్నారు, నవ్వుతూ.

"మేడమ్, ఆదివారం ఆ పట్టీ నా చేతికుంది" అన్నాను. "ఆ పద్నాలుగు వేలూ నావి."

ఆయన కాలు కిందికి దిగింది. టీచరు కాగితం మళ్ళీ తనవైపు తిప్పుకుంది.

"మరి పాప? ఎంత ఆడింది ఆ రోజు? ఫోన్ గడి కూడా ఖాళీగానే ఉందే!"

వారమంతా ఆ కాగితం నింపింది నేనే. పెన్ను తీసి ఆయన ముందు పెట్టాను.

"రోజంతా వాళ్ళ నాన్న పక్కనే కూర్చుంది మేడమ్. ఆయనే రాస్తారు."