తడి మిద్దె

కర్రకు పాతచీర పేలిక చుట్టి, మంచంకోడు మీద కాలు ఆనించి, కృపామణి ఇంటికప్పు తుడుస్తోంది. నాపరాళ్ళకు పట్టిన చెమ్మ బొట్లుకట్టి వేలాడుతోంది. ఒక బొట్టు తెగి మంచంలోని మొగుడి నొసట పడింది. తుడుచుకోవడానికి సామ్యేలుకు చెయ్యి లేవలేదు. ఆమె కొంగుతో ఒత్తింది.

ఆ రాళ్ళు సామ్యేలు తెచ్చినవే. మాచర్ల గనిలో అంచులు విరిగి, బేరానికి పనికిరానివి ఏరుకొని, నెత్తిన మోసుకొచ్చి తనే కప్పుకున్నాడు. ఆ గని దుమ్మే రొమ్ములో పేరుకొని, ఇప్పుడు ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా తీస్తున్నాడు. ఎండలు ముదిరేదాకా ఈడ్చుకొస్తే బతికి బట్టకడతాడని ఆమె ఆశ. రొమ్ము జబ్బు మనిషికి చలిగాలి సోకకూడదని పొరుగింటి నాగేంద్రమ్మ చెబితే, క్రిస్మసు నెల రాగానే వెనకగోడ పైనున్న గాలికంతలో గోతం కుక్కింది. తలుపు మూసి కుంపటి లోపలే పెట్టింది. గంజీ లోపలే కాచింది.

మొగుడి చేతికందేలా నీళ్ళు పెట్టి, రైలుస్టేషను పక్కనున్న సర్కారు బంగళాకు పనికి పోయింది. అక్కడా తుడుపే. రేషను తనిఖీకి వచ్చిన అధికారి తలుపులన్నీ బిడాయించుకొని వేన్నీళ్ళు పోసుకొని వెళ్ళాడు. కిటికీ అద్దాలు మబ్బుపట్టి కారుతున్నాయి. తుడిచి ఇటు తిరిగేలోగా మళ్ళీ తెల్లబడుతున్నాయి.

కావలి సాంబయ్య గడప మీద చుట్ట కాలుస్తూ నవ్వాడు.

"ఏమ్మే, అట్టా రుద్దితే అద్దం అరిగిపోయిద్ది. పైరెక్క తియ్యి. లోపలి ఆవిరి యాడికి పోవాల?"

"చలి వచ్చిద్ది బాబాయ్."

"చలికి దుప్పటి కప్పుకుంటారు. తడికి ఏం కప్పుతావు?"

పైరెక్క తీసి, ఎదుటి తలుపు ఓరగా పెట్టింది. కూజాలు కడిగి, పక్కబట్టలు దులిపి వచ్చేసరికి అద్దాల్లోంచి రైలుకట్ట తేటగా కనబడుతోంది. పేలిక చేత్తో పట్టుకొని ఆమె కాసేపు అట్లాగే నిలబడిపోయింది.

మధ్యాహ్నం ఇంటికి రాగానే రోలు దొర్లించి, దానిమీదెక్కి గోతం లాగింది. నల్లగా బూజుపట్టి, తడికి బరువెక్కి ఉంది. చప్పుడు విని నాగేంద్రమ్మ వచ్చింది.

"ఏందే నువ్వు చేసే పని? గాలి కొడితే మనిషి దక్కడు!"

కృపామణి చెయ్యి ఆగింది. మంచంలోంచి సామ్యేలు అన్నాడు:

"తియ్యనీ అక్కా... ఆ కంత పెట్టింది నేనేగా. ఇయ్యాల బంగళాలో దొరలాగా పడుకుంటా."

కుంపటి బయటికి తెచ్చింది. గొంగడి రెండు మడతలు వేసి కప్పింది. కంతలోంచి వచ్చిన గాలి ఇల్లంతా తిరిగి తలుపులోంచి పోయింది. పొద్దు వాలేసరికి రాళ్ళు అంచుల నుంచి ఆరుతూ తమ బూడిదరంగుకు తిరిగాయి.

"ఆ మూలరాయి చూడవే," అన్నాడు సామ్యేలు. "నా ఉలిదెబ్బ చానా బాగా కనబడతంది."

ఆమె చూసింది. గంజి కాచడానికి బయటికి పోయింది. చల్లార్చి తెచ్చేసరికి గొంగడి కదలడం లేదు.

వచ్చినవాళ్ళందరూ ముందు కంత వైపు, తర్వాత ఆమె వైపు చూశారు. నాగేంద్రమ్మ ముక్కు చీదుకొని, "నేను చెప్పలా?" అంది. కృపామణి గొంగడి అంచు సర్దింది. గోతం ఉంచి ఉంటే ఇంకా నాలుగు రోజులు ఉండేవాడేమో. ఆ నాలుగు రోజులూ నొసట నీళ్ళు పడుతూనే ఉండేవేమో. ఏది నిజమో ఆమెకు చెప్పేవాళ్ళు లేరు.

మర్నాడు సమాధి చేసి అందరూ వెళ్ళిపోయాక, ఒంటరిగా లోపలికి వచ్చి, అలవాటు కొద్దీ తలెత్తింది. తుడవడానికి ఏమీ లేదు. గోడమేకుకు సామ్యేలు తలగుడ్డ వేలాడుతోంది. ఎన్నిసార్లు ఉతికి వేసినా ఆ నెలంతా ఆరకుండా కంపుకొట్టిన గుడ్డ, గలగల్లాడేట్టు ఆరిపోయి, గాలికి కొస మాత్రం మెల్లగా ఊగుతోంది.