హాకె గారి చీటీల కట్ట

మెటా హాకె చీటీని కిటికీ వెలుతురుకు ఎత్తి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుంది. అంకెలు అలుక్కుపోయాయి. పద్నాలుగేళ్ళుగా జర్మనీలోని కాసెల్ ఊళ్ళో ఉన్న ఆ నిఘంటువు ఆఫీసులో ఆమె పని ఒకటే: పాత కాగితాల్లో ఒక్కో మాట ఎక్కడ కనిపించిందో చెప్పే చీటీలను ఏడాది వారీగా పేర్చడం. ఇప్పుడు ‘బ్రిలె’ వంతు. అంటే కళ్ళద్దాలు. పన్నెండింటికి కట్ట అచ్చుకు వెళ్ళాలి. ఈలోగా తన చూపు సంగతి బయటపడితే ఆ మాట ఇంకొకరి చేతికి పోతుంది.

ఆ మాటంటే ఆమెకు ప్రాణం. మొదట అది బెరిల్ అనే రాయి. మన వైడూర్యానికి చుట్టమైన పేరు, గ్రీకుల మీదుగా అంతదూరం చేరింది. ఆ రాయిని సానబట్టి, చర్చిల్లో భద్రపరిచిన పునీతుల ఎముకల ముందు బిగించేవారు. తర్వాత అక్షరాల మీద పెట్టారు, ఆ తర్వాత ముక్కు మీద. రాయి పోయి గాజు వచ్చినా పేరు పోలేదు. చివరికి మరుగుదొడ్డి మీద కూర్చునే చట్రానికీ అదే పేరు!

పదకొండున్నరకు ఆఫీసు పెద్ద డాక్టర్ రోడె వచ్చి, కట్ట తిరగేసి పగలబడి నవ్వాడు.

"హాకె గారూ, సన్యాసినుల మఠంలో దొడ్డికి ఓక్ చెక్క చట్రం పదమూడు వందల ఎనిమిదిలోనే కొన్నారా? మహా సుఖపడ్డారే!"

అది పంతొమ్మిది వందల ఎనిమిది నాటి చీటీ.

"తొమ్మిది మూడులా కనిపించిందండీ. ఎవరి చేతిరాతో..."

"టైపు కొట్టిన చీటీ కదా ఇది?" రోడె నవ్వు ఆగింది. ఇంకో చీటీ అందించాడు. "ఇది కట్టలో మొదటిది. చదవండి."

మెటా తడుముకోకుండా చదివింది: "భక్తులు కళ్ళారా చూసుకునేలా ఎముకను బెరిల్ వెనక ఉంచారు."

పక్క బల్ల ఇల్జె మెల్లగా అంది: "మెటా, అది తెల్లకాగితమే."

"ముందే చెప్పొచ్చు కదండీ?" అన్నాడు రోడె.

"చెబితే ఈ మాట నాకు ఉంచేవారా?"

రోడె తప్పు చీటీని సరైన చోట పెట్టి, కట్టకు తాడు బిగించాడు. అది వేళకే అచ్చుకు వెళ్ళింది. మెటా కోటు తొడుక్కుని, అరలు తడుముకుంటూ గుమ్మం దాటింది. మళ్ళీ రాలేదు.

వారం తర్వాత ఇల్జె ఆమె సొరుగు తెరిచింది. ఏడు కళ్ళజోళ్ళు, ఒకదాన్ని మించి ఒకటి మందం. ఒక్కోదానికి చీటీ కట్టి, కొన్న ఏడాది వారీగా పేర్చి ఉన్నాయి. చివరి దాని చీటీ మీద ఇంక దేనికీ చోటు లేనంత పెద్ద అంకెల్లో 1958 అని రాసి ఉంది.