ఊఁ కొట్టని యంత్రము

వైశాఖ మధ్యాహ్న ప్రచండ మార్తాండ కిరణ సంతప్తములై గోదావరీ సైకతములు పెనమువలె కాగుచుండ కాకులు సైతము చూరుల నీడల నోళ్లు తెఱచికొని కూర్చున్న యా వేళ రాజమహేంద్రవరమున నొక యిరుకు సందులోని పెంకుటింట గవర్రాజు ఇస్త్రీ చొక్కా తొడిగి గోడకానించిన సెల్‌ఫోనున కభిముఖుడై చాపపై కూర్చుండెను.

ఇరువదియాఱేండ్లు బట్టలకొట్టున చీరలు పఱచి చూపిన వాక్చతురు డతడు. ఆ కొట్టు మూతపడి నాలుగు మాసములాయెను. ఊరిలో నూతనముగా వెలసిన మహా వస్త్రశాలయందు కొలువు దొరకిన గాని యిల్లు గడవదు. ఆ కొలువునకు పరీక్ష సేయువాడో మనుజుడు గాడు, ఫోనులో పలుకు యంత్రము.

"కొనుటకు సందేహించు వారిని ఎట్లు ఒప్పించెదరు?" అని యంత్ర మడిగెను.

"ముందు అంచు చూపిస్తానండి," అని గవర్రాజు ఆగెను. కొనువారు ఊఁ కొట్టిన పిదప గాని రెండవ మడత విప్పరాదనునది కొట్టున నతడు నేర్చిన మర్యాద. యంత్రము ఊఁ కొట్టలేదు. "మీ సమాధానము ముగిసినది" అని మఱియొక ప్రశ్న వేసెను. దానికిని అదియే గతి పట్టెను.

తలుపు చాటుననుండి చూచుచున్న భార్య మాణిక్యాంబ ప్రాణము విలవిలలాడెను. పరులు జవాబులందింపరాదను నియమ మామె యెఱుగును. ఊఁ కొట్టుట జవాబెట్లగునని తలచి మూడవ ప్రశ్నకు మగడాగినంతనే మెల్లగా "ఊఁ" అనెను. అంతట గవర్రాజు నోరు పెగిలెను. పట్టుపోగు మొదలు చెంగు కుచ్చు వఱకు వాక్ప్రవాహము సాగుచుండ ఆమె యానందమున నింకొకమాఱు ఊఁ కొట్టెను.

"అన్యుల కంఠస్వరము వినబడినది. మీ అభ్యర్థిత్వము రద్దయినది."

"అయ్యా, ఆవిడ నా భార్యండి. జవాబేం చెప్పలేదండి," అని గవర్రాజు నల్లబడిన తెరకు చేతులు జోడించెను. మనుజుడు కోపించినచో కాళ్లు పట్టుకొనవచ్చును. కాళ్లే లేని దానిని వేడుకొనుట యెట్లు?

"నా నోరు పడిపోను, నా మూలంగానే పోయిందండి," అని మాణిక్యాంబ కుమిలెను.

"నువ్వు ఊఁ అన్నావు గనకే ఆ నాలుగు ముక్కలైనా చెప్పగలిగాను మాణిక్యం," అని యతడు ఇస్త్రీ చొక్కా విప్పి మడత పెట్టెను.

సాయంకాలము ఆమె యన్నము వడ్డించుచుండ గవర్రాజు "రేపు కాలవగట్టు కొట్లో అడిగి చూస్తాను," అని యాగి అలవాటున భార్య మొగము చూచెను. మాణిక్యాంబ పెదవులు బిగబట్టి తల మాత్ర మూచెను. తరువాతి మాట యతనికి రాలేదు.