తీసివేతలో తప్పు లేదు

మా మామగారు లెక్కల మాస్టారు. ఉద్యోగం నుంచి రిటైరై తొమ్మిదేళ్లయినా మాస్టరుతనం నుంచి మాత్రం కాలేదు. కూర ఎలా ఉందంటే పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. పైగా మా అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షులు. నేను భూగర్భజలాల ఆఫీసులో పనిచేస్తాను. ఊరూరా తిరిగి బోర్లలో నీటిమట్టం కొలవడం నా ఉద్యోగం.

పోయిన వేసవిలో నన్ను మూడు నెలల పాటు వేరే ఊరి ఆఫీసుకు వేశారు. వెళ్లేముందు మా బోరు కొలిచే పని మామగారికి అప్పగించాను. వాననీళ్లు ఇంకడానికి ఆయన దగ్గరుండి తవ్వించిన ఇంకుడు గుంత పక్కనే ఉంటుంది ఆ బోరు. టేపు చివర సుద్ద పూయాలి, గొట్టంలోకి వదలాలి, పైకి లాగి ఎంతమేర తడిసిందో చూసి, వదిలిన పొడవులోంచి అది తీసేయాలి. ఇంతవరకూ చెప్పాను. వచ్చే సంఖ్య నేల నుంచి నీళ్లదాకా ఉన్న దూరమనీ, అది పెరిగేకొద్దీ నీళ్లు కిందికి పోతున్నట్టనీ చెప్పలేదు. లెక్కల మాస్టారికి అది చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయనకు ఏదైనా నేర్పాలంటే నాకు భయం.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర వరసగా కార్లు కడుగుతున్నారు. ఒకాయన దుమ్ము మీద పగబట్టినట్టు మెట్లమీద పైపు పెట్టాడు. నోటీసు బోర్డు మీద మామగారి గుండ్రటి చేతిరాత: నెలకొకటిగా 36, 39, 42. కింద ఎర్రసిరాతో, ఇంకుడు గుంత ఫలించింది కాబట్టి ఇకపై మోటారు రెండు పూటలా వేస్తామని ప్రకటన. మోటారు వేలాడుతున్నదే నలభై ఐదు మీటర్ల దగ్గర. ఇంకో మూడు మీటర్లు దిగితే ముప్పై రెండు కాపురాలకు చుక్క నీళ్లుండవు.

తీసివేతలో ఆయన ఇసుమంత తప్పు చేయలేదు. ఆ సంఖ్య బోరులో ఉన్న నీళ్ల ఎత్తే అనుకున్నారు, అంతే.

మా ఆయనకు చెబితే పేపరు అడ్డం పెట్టుకుని, నేర్పిందానివి నువ్వే చెప్పుకో అన్నాడు. ఆ సాయంత్రమే సంఘం మీటింగు. గుంతకు మామగారి పేరు పెట్టాలని తీర్మానం కూడా రాసి ఉంచారట. చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే నీళ్లు పోతాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో మా అపార్ట్‌మెంట్లోనే తెలిసొచ్చింది.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకని, కాఫీ చేతికిచ్చి చెప్పేశాను. సగం పాఠమే చెప్పిన తప్పు నాదని కూడా అన్నాను. ఆయన ఒక కాగితం మీద బోరు గీసుకున్నారు, అందులో టేపు గీసుకున్నారు, చాలాసేపు చూశారు. కాఫీ ముట్టకుండానే గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

మీటింగుకు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే వచ్చారు. చప్పట్లు కొట్టబోయిన వాళ్లను చేత్తో ఆపారు.

"బోర్డు మీద నేను రాసింది తప్పు. నీళ్లు పెరగలేదు, ఆరు మీటర్లు దిగాయి. అసలు వాన పడకుండా గుంతలోకి నీళ్లెలా వస్తాయి? ఆ మాత్రం కూడా నాకు తట్టలేదు. మిగతాది మా కోడలు చెబుతుంది."

అని, వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. వెనక ఎవరో కిసుక్కుమంటే తల తిప్పి ఒక్క చూపు చూశారు. నేను బోర్డు మీద బోరు గీసి, నీళ్లెక్కడున్నాయో, మోటారు ఎక్కడుందో చూపించాను. మధ్యలో ఆయన చెయ్యెత్తారు.

"అమ్మాయ్, రోజుకు ఒక్క పూటే మోటారు వేస్తే వానల దాకా వస్తాయా?"

"అందరూ మాట వింటే వస్తాయి మామయ్యా."

ఆయన తల వంచుకుని, ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నారు. మా పెళ్లయి పన్నెండేళ్లు. ఆయన నాకు చెప్పినవి బోలెడు. తెలియక నన్ను ఒకటి అడగడం అదే మొదటిసారి.