నాలుగో గది

సియు-కిమ్ లాప్‌టాప్‌ను పట్టుగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, లుగాంగ్ ఊరి బజారులోని కంప్యూటర్ దుకాణానికి మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి వచ్చింది. వెనకాలే మొగుడు తియెన్-ఫూ తలవంచుకుని వచ్చాడు. వంచుకోక ఏం చేస్తాడు, చేసిన ఘనకార్యం అలాంటిది.

ఆ పెట్టెలో ఆమె పదకొండేళ్ల పని ఉంది. గుడి జెండాలకూ పల్లకీ తెరలకూ ఆమె ఒక్కో కుట్టూ లెక్కగా గీసి పెడితే, ఆ గీత ప్రకారం మిషను కుడుతుంది. వాటిలో జంట ఫీనిక్స్ పక్షులు సముద్రాన్ని కాచే మాజూ అమ్మవారి పల్లకీ తెర కోసం గీసినవి. ఊరేగింపు ఎల్లుండి. కాగితం మీది బొమ్మ కిందటేడు తుఫాను నీళ్లలో నాని ముద్దయిపోయింది. ఇక ఆ పక్షులు ఉంటే ఈ పెట్టెలోనే ఉండాలి. ఆ పెట్టేమో పొద్దుటి నుంచీ నల్లటి తెర మీద ఒక్క ముక్క రాసి కూర్చుంది: మొదలయ్యే చోటు దొరకలేదు.

దుకాణదారు కువో-షియుంగ్‌ది వాళ్ల వీధే. చదువుకునే రోజుల నుంచీ ఆమెను అక్కా అనే పిలుస్తాడు.

"ఏం చేశారు దీన్ని?" అన్నాడు.

"చోటు చాలట్లేదంటే కాస్త సర్దానయ్యా," అన్నాడు తియెన్-ఫూ. "డిస్కును లోపల ఎన్ని గదులుగా విడగొట్టారో చూపించే ప్రోగ్రామొకటి దింపుకున్నా. అందులో ఒకదానికి పేరు లేదు, సీ, డీ లాంటి అక్షరం లేదు, తెరుద్దామంటే తెరుచుకోదు. చూస్తే నాలుగోది! మన భాషలో ఆ అంకె పలికితే చావు మాట పలికినట్టే ఉంటుంది కదా. అమ్మవారి పని జరిగే ఇంట్లో అదెందుకని తీసిపారేశా."

కువో-షియుంగ్ పగలబడి నవ్వాడు. "బావా, నాలుగో అంతస్తు లేని ఆస్పత్రులు కట్టుకున్నాం సరే. కంప్యూటర్‌క్కూడా శాంతి చేయించావా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది సియు-కిమ్ మొగుడితో. తర్వాత దుకాణదారు వైపు తిరిగింది. "నువ్వు నవ్వింది చాలు. ఆ గది దేనికి?"

"మీట నొక్కగానే కంప్యూటర్ ముందు వెళ్లేది ఆ గదికే అక్కా. విండోస్ ఎక్కడుందో, ఎలా లేపాలో అక్కడే రాసుంటుంది. మనం చెయ్యి పెట్టి పాడుచేస్తామనే కనబడకుండా దాస్తారు. అందుకే దానికి అక్షరం ఉండదు."

"అడుగు కుట్టన్నమాట."

అతనికి అర్థం కాలేదు. మెరిసే పట్టుదారం కింద ముందుగా ఒక సాదా కుట్టు వేస్తారు. పూర్తయ్యాక అది ఎవరి కంటా పడదు. వెయ్యకపోతే మాత్రం గుడ్డ ముడుచుకుపోయి పక్షి కాస్తా నలిగిన కోడిపిల్ల అవుతుంది. ఆమె ముప్పై ఏళ్లుగా వేస్తున్న కుట్టే అది.

"ఇంకో దాచిన గది కూడా ఉంది," అన్నాడు కువో-షియుంగ్. "దాన్ని లేపితే కొన్న రోజున ఎలా ఉందో అలా అయిపోతుంది. అరగంట పని."

"నా పక్షులు?"

"కొన్న రోజున నీ పక్షులు లేవు కదక్కా."

"అయితే వద్దు. ఆ తీసేసిన గదినే మళ్లీ కట్టు."

"కట్టొచ్చు. కొత్త గది చేసి, తుడిచి, అందులో విండోస్‌కి దారి రాయించాలి. కానీ తుడిచేటప్పుడు ఒక్క అంకె తప్పితే నీ పదకొండేళ్లూ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ పాపం నాకొద్దు. నా చేత్తో చెయ్యను."

"నా చేత్తో చేస్తా. నువ్వు చెప్పు."

అతను బాగుచేసే పెన్‌డ్రైవ్ తగిలించి కుర్చీ ఆమెకిచ్చాడు. సూది ఎక్కించేంత నిదానంగా ఒక్కో అక్షరం చూసి నొక్కింది. డిస్కు చివర కాస్త ఖాళీ ఉంటే అక్కడ కొత్త గది కట్టింది.

"ఇప్పుడు నాలుగోది ఎంచుకో. ఎంచుకుని తుడిచెయ్," అన్నాడతను.

ఆమె వేలు ఆగింది. "ముందు అన్నీ వరసగా చూపించమను."

"పోయింది నాలుగోదేగా అక్కా, చూసేదేముంది?"

"చూపించమంటున్నానా!"

జాబితా వచ్చింది. నాలుగో వరసలో నాలుగు వందల అరవై జీబీ. అయిదో వరసలో, ఇప్పుడే కట్టిన గది, వంద ఎంబీ. పాత గది పోగానే తర్వాతిది ముందుకు జరిగి ఆ అంకెలో కూర్చుంది. అది ఆమె పక్షులున్న గది.

కువో-షియుంగ్ తెర మీదికి వంగి చూశాడు. "అక్కా, నేను..." అన్నాడు.

"మా ఆయన అంకె చూసి తీశాడు, నువ్వు అంకె చూసి తుడవమన్నావు. లోపల ఏముందో చూసే పని మగాళ్లకెవరికీ లేదా?" అంది. జాబితా ఇంకోసారి పైనుంచి కిందికి చదివి, అయిదు నొక్కింది. తుడిచింది. దారి రాయించింది. పెన్‌డ్రైవ్ పీకి లాప్‌టాప్‌ను మళ్లీ లేపింది.

తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. తియెన్-ఫూ కళ్లు మూసుకుని అమ్మవారి పేరు గొణిగాడు. తెర మీద నీలం విచ్చుకుంది. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా ఫైలు తెరిచింది. రెండు పక్షులూ ఉన్నాయి, మెడ మీద మెడ వేసుకుని, ఒక్క ఈక తగ్గకుండా. అక్కడికక్కడే వాటిని మూడు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకుంది.

అప్పుడు తియెన్-ఫూ ఏడ్చాడు. అరవై ఆరేళ్ల మనిషి, బజారు మధ్యలో, చొక్కా అంచుతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాడు. ఆ పక్షుల్ని మళ్లీ గియ్యడానికి తనకిక అంత చూపు లేదని ఆమెకొక్కదానికే తెలుసు. ఆ మాట మొగుడితో కూడా ఇంతవరకూ అనలేదు.

లాప్‌టాప్ చుట్టుకొచ్చిన పట్టుగుడ్డ తీసి ఆయన భుజాన వేసింది.

"ఏడుపు ఎల్లుండికి పెట్టుకుందాం," అంది. "పద, కుట్టు ఫ్రేముకు తెర గుడ్డ బిగించాలి."