సిస్టంలో లేని స్టాపు

ఆ ట్రావెల్స్ పేరు నా నోటితో పలకను. పలికితే వాళ్లకు ఊరికే పబ్లిసిటీ. హైదరాబాదు నుంచి విశాఖపట్నం పోయే వాళ్ల పగటి బస్సు కొన్నేళ్లుగా నందిగామ హైవే పక్కన నా హోటల్ ముందే టిఫిన్‌కు ఆగేది. ప్రయాణికులు డబ్బిచ్చి తినేవారు. డ్రైవరూ క్లీనరూ లోపలి గదిలో కూర్చుని ఊరికే తినేవారు. హైవే మీద అందరిదీ ఇదే పద్ధతి. డ్రైవర్ కడుపు నిండితేనే బస్సు మన వాకిట్లోకి తిరుగుతుంది.

మా ఆయనకు పొలమే లోకం. హోటల్ నాది. అది పెట్టిన దగ్గర్నుంచి నేను ఊరు దాటింది తక్కువ. మా అమ్మాయి నీహారిక కాలేజీ తరఫున కబడ్డీ ఆడుతుంది. దాని ఆట ఊరంతా చూసింది, నేను తప్ప. ఈసారి ఫైనల్ విశాఖలో.

"అమ్మా, ఈ ఒక్కసారి రామ్మా" అంది. వస్తానని ఒట్టు పెట్టాను.

బస్సు మన గుమ్మంలోనే ఆగుతుంది కదా అని అందులోనే టికెట్ తీసుకున్నాను. బయల్దేరే ముందు రోజు మెసేజ్ వచ్చింది, మీరు ఎక్కే స్టాపు రద్దయిందని. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. తెలుగుకు ఒకటి నొక్కమంది. నొక్కాను. తర్వాత మూడు, మళ్లీ ఒకటి. ఆపైన ఆగమని చెప్పి వీణ పాట పెట్టారు. ఆ వీణ వింటూనే రెండు వాయల ఇడ్లీ దించాను. చివరికి కృష్ణప్రియ అనే పిల్ల పలికింది.

"సారీ మేడమ్, మా బస్ నందిగామలో ఆగదండి."

"ఆగదా? ఇప్పుడు నా ఎదురుగా ఉందమ్మా! మీ ప్యాసింజర్లు నా దోసెలు తింటన్నారు."

"సిస్టంలో ఆ స్టాపు చూపించట్లేదండి."

"ఇశ్రాయేలూ, ఒకసారి హారన్ కొట్టు!" అని డ్రైవర్‌ని కేకేశాను. కొట్టాడు. హోటలంతా దద్దరిల్లింది. "విన్నావా తల్లీ?"

"విన్నాను మేడమ్. కానీ సిస్టంలో లేదండి."

మళ్లీ వీణ. పైవాళ్లతో మాట్లాడి వచ్చి, "సరిచేశామండి, రేపు మీరు ఎక్కొచ్చు. మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంది. నమ్మాను. నా అంత పిచ్చిది ఇంకొకతి ఉంటుందా?

మర్నాడు పట్టుచీర కట్టుకుని, నీహారిక టీం పిల్లలందరికీ జంతికల డబ్బాతో వాకిట్లో నిలబడ్డాను. ఇశ్రాయేలు పెసరట్టు తిని, చెయ్యి కడుక్కుని, నా మొహం చూడకుండా చెప్పాడు.

"అక్కా, చార్టులో నీ పేరు లేదు. సీట్లన్నీ నిండినయ్యి. బస్సులో కెమెరా పెట్టారు. నిన్ను ఎక్కిస్తే నా ఉద్యోగం పోద్ది."

మళ్లీ ఫోన్ చేశాను. వీణ మోగుతుండగానే బస్సు వెళ్లిపోయింది. దొరికిన బస్సు పట్టుకుని విజయవాడ, అక్కడ పడిగాపులు పడి ఇంకో బస్సు. నేను చేరేసరికి స్టేడియంలో లైట్లు తీసేస్తున్నారు. నీహారిక మెట్ల మీద కూర్చుని ఉంది, మోకాలికి కట్టుతో.

"ఓడిపోయాం. రెయిడ్‌కి వెళ్లేముందల్లా గ్యాలరీ వైపు చూశానమ్మా" అంది.

జంతికల డబ్బా దాని ఒళ్లో పెట్టి బావురుమన్నాను. ఏడుపు అక్కడే వదిలేశాను. కోపం మాత్రం వెంట తెచ్చుకున్నాను.

తిరిగొచ్చిన రోజునే హోటల్ గేటుకు అడ్డంగా గొలుసు కట్టించాను. మిగతా బస్సులకు తీస్తాం, ఆ బస్సుకు తియ్యం. ఇశ్రాయేలు దిగి వచ్చాడు.

"ఏందక్కా ఇది?"

"లేని స్టాపులో బస్సెట్టా ఆగుద్ది? పోయి మీ సిస్టాన్ని అడుగు."

"ఆకలేస్తందక్కా."

"తెలుగుకు ఒకటి నొక్కు."

దోసెల మాస్టారు బ్రహ్మయ్య గొణిగాడు. "ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటారా అమ్మా? అంత బేరం పోద్ది."

"ఇల్లు నాది, అగ్గిపెట్టె నాది" అన్నాను.

కంచికచర్లలో హోటల్ నడిపే కిషోర్‌బాబుకు, జగ్గయ్యపేట శ్రీమన్నారాయణ గారికి ఫోన్ చేశాను. ఇద్దరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ వీణ విన్నవాళ్లే. నా మాట పూర్తికాకముందే సరేనన్నారు. ఇక ఆ బస్సుకు జగ్గయ్యపేట నుంచి కంచికచర్ల దాకా మంచినీళ్లు కూడా పుట్టలేదు. ప్రయాణికులు కడుపులు మాడి, కాళ్లు బిగబట్టుకుని కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారట. వాళ్లకూ వీణే వినిపించి ఉంటుంది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

వారం తిరక్కుండా వాళ్ల మేనేజర్ నవనీత్ హోటల్ నంబరుకు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఒక్క నిమిషం మాట్లాడాలి."

"మీ కాల్ మాకెంతో ముఖ్యం. లైన్లో ఉండండి" అని ఫోను తీసుకెళ్లి పిండి గ్రైండర్ పక్కన పెట్టాను. వాళ్లకు వీణ, మాకు గ్రైండర్. పెట్టేసి మళ్లీ చేశాడు, వేరే వేరే నంబర్ల నుంచి చేశాడు. తెలియని నంబరు ఏదొచ్చినా అంతేనని బ్రహ్మయ్యకు చెప్పాను. మధ్యమధ్యలో వెళ్లి ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అతను "హలో, హలో" అని మొత్తుకుంటుంటే వినేదాన్ని. నా కాఫీ కంటే రుచిగా ఉండేది.

ఓ శుక్రవారం కూడా అలాగే విందామని గ్రైండర్ పక్కనున్న ఫోను తీశాను.

"హలో... అమ్మా?"

నీహారిక గొంతు.

"నువ్వా! ఇదెవరి నంబరే?"

"మా కోచ్‌ది. నా ఫోన్లో చార్జింగ్ లేదు. బ్రహ్మయ్య మావయ్య నా గొంతు కూడా వినకుండా, కాల్ ముఖ్యం, లైన్లో ఉండమన్నాడు."

"అయ్యో! ఎంతసేపట్నుంచి ఉన్నావే?"

నవ్వింది. "చిన్నప్పట్నుంచీ లైన్లోనే ఉన్నాగా అమ్మా. నాకు ఈ గ్రైండర్ కొత్తా?"

నాకు నవ్వు రాలేదు. స్విచ్చి తీసి గ్రైండర్ ఆపేశాను.

"మోకాలు తగ్గింది. స్టేట్ టీంలోకి తీసుకున్నారమ్మా. ఆదివారం గుంటూరులో మ్యాచ్. నీకు కుదరకపోతే..."

"నోర్ముయ్" అన్నాను. "వస్తన్నా."

ఆదివారం పొద్దున్నే షట్టర్ దించాను. పొయ్యి రాజేయని ఆదివారం ఆ హోటల్‌కు అదే మొదటిది. హోటల్ ఫోను సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కాను. కంచికచర్ల దాటుతుండగా నవనీత్ నుంచి ఫోన్.

"మేడమ్, నందిగామ స్టాపు సిస్టంలో ఎక్కించేశాం. మీ హోటల్ పేరే పెట్టాం. బస్సు మీ గేటు ముందే ఉంది, హోటల్ మూసి ఉందంటున్నారు. ప్యాసింజర్లు గొడవ చేస్తున్నారండీ!"

"సారీ అండి. ఇవాళ మా సిస్టంలో హోటల్ చూపించట్లేదు" అని పెట్టేశాను.

గుంటూరులో మ్యాచ్ మొదలైంది. రెయిడ్‌కి వెళ్లబోతూ నీహారిక ఆగి, గ్యాలరీ వైపు చూసింది. లేచి నిలబడి రెండు చేతులూ ఊపాను. గీత దాటి దూకింది నా కూతురు. ఒళ్లోని సంచిలో ఫోను మళ్లీ మోగింది. మోగనిచ్చాను.